శని వెనక్కి మళ్ళిన సంవత్సరం

మా ఇంట్లో అన్నం పెట్టేది శనిగ్రహమే. వేళాకోళానికి అనడం లేదు. పుంగనూరులో మా నాయనకు నూనె అంగడి ఉంది. వెనక గానుగ, ముందు అంగడి, పైన మిద్దె మీద మా కాపురం. వారమంతా ఈగలు తోలుకునే అంగడికి శనివారం మాత్రం తెల్లారకముందే జనం వస్తారు. నువ్వుల నూనె చిన్న సీసా, నల్ల నువ్వుల పొట్లం పట్టుకుని నవగ్రహాల దగ్గరికి పోతారు. అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం మా నాయనా నేనూ గోనెపట్ట మీద కూర్చుని పొట్లాలు కట్టేవాళ్ళం. పాత పేపరు ముక్క, గుప్పెడు నువ్వులు, పైన తెల్లదారం రెండు చుట్లు. ఊరందరికీ శని వదిలించే పొట్లాలు కట్టిన చేతులు నావి. అదే శని పేరు చెప్పి నన్ను మూడేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది గానీ, అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

డిగ్రీ నేను మదనపల్లిలో చదివాను. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, మధ్యలో ఫిజిక్సు. డిగ్రీ అయిన మరుసటి ఏడాది అక్కడే ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. ఈసారి ల్యాబులు రాత్రిదాకా ఉంటాయి గనక హాస్టల్లో ఉండాలి. హాస్టలు అనే మాట చెవిన పడగానే మా నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయనకు ఒక చెల్లెలు ఉండేది. చదువుకోవడానికి తిరుపతి హాస్టలుకు పోయి, ఆరు నెలలు తిరక్కుండానే కామెర్లతో చచ్చిపోయింది. పోయిన తరవాత ఎవరో పెద్దమనిషి జాతకం తీసి, "ఏలినాటి శని నడుస్తాంటే ఊరు దాటిస్తారా ఎవరన్నా?" అన్నాడట. మనం పుట్టిన రాశికి ముందు రాశిలో, మన రాశిలో, తరవాతి రాశిలో శని ఉండే ఏడున్నర సంవత్సరాలనే ఏలినాటి శని అంటారు. ఆ పెద్దమనిషి ఆ మాట అనేసి కాఫీ తాగి పోయి ఉంటాడు. మా నాయనకు మాత్రం అది గొంతులో ముల్లులా నిలిచిపోయింది. "అప్పుడే సూసింటే నా సెల్లెలు బతికుండు" అని ఎన్నిసార్లు అన్నాడో నాకే లెక్క తెలియదు.

నాకు జాతకం లేదు. ఇద్దరు అక్కలకు రాయించారు. నా వంతు వచ్చేసరికి ఓపిక అయిపోయినట్టుంది. పుట్టినరోజు మాత్రం వీధి వీధంతటికీ తెలుసు, ఊళ్ళో గంగజాతర రోజు పుట్టాను గనక. సీటు సంగతి తెలిసిన వారంలో మేం ముగ్గురమూ సిద్ధాంతిగారి దగ్గరికి పోయాం. "పాప ఎన్ని గంటలకు పుట్టిందమ్మా?" అని ఆయన అడిగాడు. మా అమ్మ పరాయివాళ్ళ ముందు నోరు విప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం ఎవరో తరుముతున్నట్టు టక్కున చెప్పింది.

"నాలుక్కి సామీ. తెల్లారుజామున నాలుక్కి. అప్పుడే కోడి కూస్తాండాది."

ఆయన పంచాంగం తిప్పి, వేళ్ళు మడిచి, విశాఖ మూడో పాదం, తులారాశి అన్నాడు. ఏలినాటి శనిలో అయిదేళ్ళు నాకు తెలియకుండానే గడిచిపోయాయి, ఇంకా రెండున్నరేళ్ళు మిగిలాయి. అంతవరకు ఊరు దాటకూడదు, కొత్త పని మొదలుపెట్టకూడదు. ఇంటికి వచ్చేదాకా దారంతా నేను అమ్మను తిట్టాను. "టైము తెలీదని సెప్పింటే నీ సొమ్మేం పోయేది? అంత తొందర యాల నీకు?" అన్నాను. అమ్మ పైట సర్దుకుంది, అంతే. ఆ మౌనానికి నేను ఆమెను మూడేళ్ళు క్షమించలేదు.

ఆ మూడేళ్ళు ఎట్లా గడిచాయంటే, గడిచాయి. ఊళ్ళోనే ఒక ప్రైవేటు బళ్ళో సైన్సు టీచరుగా చేరాను. ఇల్లు, బడి, అంగడి. మూడు వీధులు. తప్పించుకుని పోదామన్నా బస్టాండులో కండక్టర్లందరూ మా అంగడికి వచ్చేవాళ్ళే. నేను ఏ బస్సు ఎక్కినా ఆ సమాచారం నాకంటే ముందు ఇంటికి చేరుతుంది. పెళ్ళి కూడా కొత్త పనే గనక సంబంధాలు ఆగిపోయాయి. ఆ ఒక్క విషయంలో శనికి మనసులోనే దండం పెట్టుకున్నాను. మిగతా అన్ని విషయాల్లో ఊపిరాడేది కాదు. సాయంత్రం మిద్దె మీద నిలబడితే మదనపల్లి పోయే బస్సు లైట్లు కనిపించేవి. ఆ లైట్లు చూడలేక కిందికి దిగిపోయేదాన్ని. నా కాగితాలన్నీ మదనపల్లి కాలేజీ ఆఫీసులోనే ఉండిపోయాయి. కోపంతో తెచ్చుకోనే లేదు.

ఆ రోజుల్లోనే నాకు ఒక అంతరిక్ష నౌక పరిచయమైంది. బళ్ళో గ్రహాల పాఠం చెప్పడానికి ఫోనులో బొమ్మలు వెతుకుతుంటే శనిగ్రహం ఫోటో దొరికింది. గీసిన బొమ్మ కాదు, దగ్గరికి పోయి తీసిన ఫోటో. వలయాలు ఎంత పలచగా, ఎంత నీటుగా ఉన్నాయంటే, నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. ఊరందరి నట్టింట్లో తిష్ట వేసేది ఈ అందగాడేనా అనుకున్నాను. ఆ ఫోటో తీసిన నౌక భూమి నుంచి శనిని చేరడానికే దాదాపు ఏడేళ్ళు ప్రయాణం చేసిందట. అప్పటి నుంచీ అక్కడే తిరుగుతోంది. శని చందమామల్లో ఒకటైన టైటన్ మీదికి చిన్న పెట్టెలాంటి పరికరాన్ని దించింది. నీళ్ళు కాదుగానీ, ఇంకేదో ద్రవం నిండిన చెరువులు అక్కడ ఉన్నాయని చూపించింది. ఎన్సెలడస్ అనే ఇంకో చందమామ ఉంది. బుల్లిది, తెల్లగా మంచుముద్దలా ఉంటుంది. దాని దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్ళలోంచి నీళ్ళు అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయి. ఆ చిమ్మే నీళ్ళ మధ్యలోంచే నౌక దూసుకుపోయింది. పిల్లలకు ఇదంతా చెబుతుంటే ఒక పిల్ల లేచి, "మిస్, శని దగ్గరికి పోతే మనకు ఏం కాదా?" అని అడిగింది. "దానికేం కాలేదు కదా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

జనవరిలో శని వృశ్చికం దాటి ధనుస్సులోకి పోయింది. తులారాశి వాళ్ళకు విముక్తి. మా నాయన గుడిలో అందరికీ పులిహోర పంచాడు. ఆ రాత్రి ఆయనే అన్నాడు, "ఇంక సదువుకోమ్మా, నీ ఇష్టం" అని. నేను ఎగిరి గంతేశాను. ఎండాకాలంలో ప్రవేశపరీక్ష రాసి, కుప్పంలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్నాను. ఇంక పెట్టె సర్దుకోవడమే మిగిలింది అనుకుంటుండగా, జూనులో శని వెనక్కి వచ్చింది.

వక్రించడం అంటారు. ముందుకు పోతున్న గ్రహం కొన్నాళ్ళు వెనక్కి నడుస్తుంది. ధనుస్సులోకి పోయిన శని మళ్ళీ వృశ్చికంలోకి వచ్చి కూర్చుంది. అక్టోబరు చివరిదాకా కదలదు. కుప్పంలో చేరడానికి ఆఖరి తేదీ సెప్టెంబరు మధ్యలో. ఈ సీటు పోతే నాకు ఇంకో సీటు లేదు. వయసు ఇరవై అయిదు. అక్టోబరులో శని పోయిన మరునాడే పెళ్ళిచూపులు మొదలవుతాయని మా పెద్దక్క ఫోనులో చెప్పనే చెప్పింది.

నేను ఊరుకుంటానా! సిద్ధాంతిగారి ఇంటికి నాయనను లాక్కుపోయాను. "అది నిజంగా వెనక్కి రాదు సామీ. మన బస్సు బిరీన పోతా పక్క బస్సును దాటితే, ఆ బస్సు వెనక్కి పోయినట్టు కనిపిస్తాది కదా. భూమి శనిని దాటతాంది, అంతే" అన్నాను. ఆయన శ్రద్ధగా విని, తల ఊపి, "నిజమేనమ్మా. మా శాస్త్రం కూడా అదే చెబుతుంది. కానీ ఫలం ఇచ్చేది కనిపించేదే" అన్నాడు. అంత మర్యాదగా నా నోరు ఇంకెవరూ మూయలేదు. మా నాయన దారిలో, "బస్సు సంగతి బాగా సెప్పినావు తల్లీ" అని మెచ్చుకున్నాడు కూడా. మెచ్చుకుని ఇంట్లో కూర్చోమన్నాడు.

అప్పటికే నౌక ఆఖరి చుట్లు మొదలయ్యాయి. ఇంధనం అయిపోవచ్చింది. శనికీ వలయాలకీ మధ్య ఉన్న సందులోంచి, అంతకు ముందు ఏ యంత్రమూ పోని చోటు నుంచి, వారానికొకసారి దూరి వస్తోంది. ఇరవై రెండు చుట్ల తరవాత శనిలోకే దూకి కాలిపోవాలి. ఫోనులో ప్రతి చుట్టు వార్తా చదివేదాన్ని. దానికీ నాకూ పోలిక పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అది యంత్రం, నేను మనిషిని. అయినా ఒక చుట్టు అయిందంటే నా గడువులోనూ ఒక వారం అయిపోయిందని గుర్తుకొచ్చేది.

సెప్టెంబరు రెండో వారంలో ఇక తెగించాను. నాయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కాగితాలు చేతిలో ఉండాలి కదా. బళ్ళో స్పెషల్ క్లాసు ఉందని అబద్ధం చెప్పి, బస్టాండుకు పోకుండా ఊరి బయట చేయెత్తి మదనపల్లి బస్సు ఎక్కాను. మూడేళ్ళ తరవాత ఒక్కదాన్నే ఊరు దాటడం. కిటికీలోంచి టమోటా తోటలు, కొండలు, అన్నీ కొత్తగా కడిగిపెట్టినట్టు కనిపించాయి. ఒక మలుపులో టమోటా లారీ ఎదురొచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. నా నోట్లోంచి "శనీశ్వరా!" అని వచ్చేసింది. పక్కన కూర్చున్న ఆమె నా వైపు జాలిగా చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కాలేజీ గుమాస్తా నా ప్లాస్టిక్ కవరు దుమ్ము దులిపి ఇచ్చాడు. డిగ్రీలో చేరినప్పుడు అమ్మ ట్రంకుపెట్టెలోంచి తీసిచ్చిన కవరును అట్లాగే ఆఫీసులో ఇచ్చేశాను. తిరుగు బస్సులో ఒక్కొక్కటే తీసి చూసుకుంటుంటే, మార్కుల జాబితాల మధ్య నాలుగు మడతలు పెట్టిన పసుపుపచ్చ చీటీ ఒకటి కనిపించింది. నేను పుట్టిన ఆస్పత్రిలో ఇచ్చిన చీటీ. ఆడశిశువు, బరువు, తేదీ. పుట్టిన సమయం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు.

నాలుగు కాదు. ఏడూ నలభై.

మా నాయన ఉగాదికి కొన్న పంచాంగం ఒక్కటి కూడా పారేయడు. ముప్ఫై ఏళ్ళవి అంగడి అలమరలో పేర్చి ఉంటాయి. ఆయన గానుగ దగ్గర ఉన్నప్పుడు నేను పుట్టిన ఏడాదిది లాగి, జాతర రోజు పేజీ తీశాను. ఆ పొద్దు అయిదూ యాభైకి చంద్రుడు తుల విడిచి వృశ్చికంలోకి పోయాడు. నాలుగింటికి పుడితే తులారాశి. ఏడూ నలభైకి పుడితే వృశ్చికరాశి. వృశ్చికానికి ఏలినాటి శని ఈ అక్టోబరుతో పోదు. శని ధనుస్సు కూడా దాటాలి. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఇంకో రెండేళ్ళ నాలుగు నెలలు.

బయటపడే దారి వెతుకుతూ పోయి ఇంకో తలుపుకు తాళం నేనే వేసుకున్నట్టయింది. వాళ్ళ పుస్తకం ప్రకారం, వాళ్ళ లెక్క ప్రకారం నేను ఇంకా నడిమధ్యలో ఉన్నాను. నాయనకు తెలిస్తే కుప్పం కాదు కదా, బడికి కూడా పంపడు. పంచాంగం యథాస్థానంలో పెట్టాను. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. నమ్మనిదానికి ఈ లెక్కలు ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున అమ్మ వంటింట్లో సంగటి గెలుకుతోంది. చేయి ఆపితే ఉండలు కడుతుంది గనక వెనక్కి తిరగదు. నేను చీటీ ఆమె ముఖం ముందు పట్టాను.

"ఇది యాడిదే నీకు?"

"మదనపల్లికి పోయి కాలేజీలో కాగితాలు తెచ్చుకున్యా. దాంట్లో ఉండాది."

"పోయినావా! బస్సులోనా?" అని కాళ్ళ నుంచి తలదాకా నన్ను చూసింది, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని. తగల్లేదని తేల్చుకుని మళ్ళీ సంగటి వైపు తిరిగింది.

"ఏడూ నలబై అని ఉండాది దీంట్లో. నాలుగని యాల సెప్పినావు? తెలీక సెప్పినావా, తెలిసే సెప్పినావా?"

అమ్మ కట్టె తిప్పుతూనే నెమ్మదిగా చెప్పింది.

"ముందురోజే రామసముద్రం పోయినా. ఆడ ఇంకో సిద్ధాంతి ఉండాడు, మనం ఎవురో ఆయనకు తెలీదు. నాలుక్కి పుడితే ఎట్ల, ఎనిమిదిలోగా పుడితే ఎట్ల అని అడిగినా. ఒకదానికి రెండున్నరేండ్లు, ఒకదానికి అయిదున్నరేండ్లు అన్న్యాడు. రోజు మార్సేకి లేదు, జాతర అని ఊరంతా తెలుసు. గంటలైతే నాకొక్కదానికే తెలుసు. మీ నాయిన ఆపొద్దు ఊళ్ళో ల్యాడు కదా."

మూడేళ్ళు ఈ మనిషిని తిట్టాను. ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా తిట్టాను.

"మరి నాకు సెప్పలేదే?"

"సెప్తే నువ్వు ఊరుకుంటావా? మీ నాయినతో వాదం పెట్టుకుంటావు. నాకు ఇంటరు సదవాలని ఉన్నింది, నీకు తెలుసా? కలకడ నుంచి మదనపల్లికి పోవాల. మా నాయిన ఇట్లే సిద్ధాంతిని పిలిపించినాడు. ఎన్ని గంటలకు పుట్టిందని మా యమ్మను అడిగినారు. మా యమ్మ నిజం సెప్పింది."

అంతే చెప్పింది. "నువ్వు శనిని నమ్మవా అయితే?" అని అడిగాను.

"నమ్మకుండా ఎట్లుంటా? పైన ఉండాది కదా. జరుగు, సంగటి అడుగంటతాంది," అంటూ చీటీ నా చేతిలోంచి లాక్కుని, గ్యాస్ మంటకు చూపించి, తొట్టిలో పడేసి నీళ్ళు పోసింది.

ఆ సాయంత్రమే నౌకకు ఆఖరు. అది శుక్రవారం గనక నేనూ నాయనా మామూలుగా గోనెపట్ట మీద పొట్లాలు కడుతున్నాం. ఫోను నూనె డబ్బాకు ఆనించి పెట్టాను. అందులో ఒకే రకం చొక్కాలు వేసుకున్నవాళ్ళు గదినిండా కూర్చుని కంప్యూటర్లు చూస్తున్నారు. తెర మీద ఒక పచ్చగీత మధ్యలో నిలువుగా లేచి ఉంది. అదే నౌక నుంచి వస్తున్న సంకేతం.

"ఏందమ్మా అది?"

చెప్పాను. ఇప్పుడు అందుతున్నది గంటన్నర కిందట అది పంపిన సంకేతం, అక్కడ ఈపాటికే అంతా అయిపోయి ఉంటుంది అన్నాను. ఆయన దారం చుట్టడం ఆపాడు.

"బాగానే ఉండాది కదా, యాల కాలుస్తారు?"

"దానిమీద మన భూమి క్రిములు ఏమన్నా ఉంటే, పొరపాటున ఆ మంచు చందమామ మీద పడితే, ఆడ ఏదన్నా ప్రాణం ఉంటే చెడిపోతాది నాయినా. అందుకని."

"ఎన్నేండ్లు ఉన్నింది శని దగ్గర?"

"పదమూడేండ్లు."

"బయటికి రానేలేదా?"

"దాన్ని వదిలి బయటపడే శక్తి దానికి లేదు."

అయిదూ ఇరవై అయిదుకు పచ్చగీత ఒక్కసారి పైకి లేచి, పడిపోయింది. మళ్ళీ లేవలేదు. గదిలో వాళ్ళు లేచి ఒకరినొకరు పట్టుకున్నారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. మా నాయన "పాపం" అన్నాడు. నేను ఏడ్చేశాను. నౌక కోసం కాదు, నా కోసమే ఏడ్చాను.

"నన్ను పంపించు నాయినా. సోమవారం ఆఖరు. ఈ సీటు పోతే నేను ఇంక ఈ మూడు వీధుల్లోనే సస్తా."

ఆయన ముఖం ఎర్రబడింది. "సస్తానని అనొద్దు! నెలా పది దినాలు ఓపిక పట్టలేవా? నువ్వు పోయి నీకేమన్నా అయితే నేనేం సేసేది? ఒకసారి అయింది నాకు. మళ్ళా తట్టుకోలేను తల్లీ," అంటూ చేతిలో పొట్లం విప్పేశాడు. నువ్వులు ఒళ్ళో పడ్డాయి. ఆయన కూడా ఏడుస్తున్నాడు. కోపగించుకునే మనిషైతే నాలుగు మాటలని వెళ్ళిపోయేదాన్ని. ఇట్లా ప్రేమతో కట్టిపడేసేవాడిని ఏం చేయాలి?

అప్పుడు అమ్మ లోపలి గుమ్మంలోంచి, "ఇదో," అంది. "నేను ముందు దాటతా."

మా వైపు ఒక పద్ధతి ఉంది. శని నడిచేవాళ్ళు చావుకో కోర్టుకో తప్పనిసరై ఊరు దాటవలసి వస్తే, ఇంట్లో ఇంకొకరు నల్ల నువ్వులు కొంగున కట్టుకుని వాళ్ళకంటే ముందు గడప దాటుతారు. ఆ శని నేను మోస్తానని ఒప్పుకున్నట్టు. అది వదిలేదాకా మోసినవాళ్ళే ప్రతి శనివారం దీపం పెట్టాలి, వచ్చే కష్టం కూడా వాళ్ళకే వస్తుంది. రెండు మూడు రోజులకు చేస్తారు. నెల పాటు మోసినవాళ్ళను మేం చూడలేదు.

"అయితే నేను దాటతా," అన్నాడు నాయన.

"నువ్వొద్దు. కన్నది నేను. నెలా పది దినాలే కదా," అంది అమ్మ. నా వైపు చూడలేదు.

నెలా పది రోజులు కాదని ఆ అంగట్లో ఇద్దరికి తెలుసు. నాకు నమ్మకం లేదు గనక నేను దాటడంలో ధైర్యమేమీ లేదు. ఆమెకు నమ్మకం ఉంది. ఉండి, రెండేళ్ళ నాలుగు నెలలు నెత్తికెత్తుకుని, నెలేనని మొగుడితో చెబుతోంది. "వద్దమ్మా" అని నేను అనవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. సీటు గుర్తొచ్చి మూసుకున్నాను. ఆ మూసుకోవడం ఇప్పటికీ గుచ్చుతుంది.

సోమవారం పొద్దున నేను కట్టిన పొట్లమే ఒకటి తీసి కొంగున ముడి వేసుకుని, అమ్మ గడప దాటింది. వెనక నేను, నా పెట్టె. పలమనేరు మీదుగా కుప్పం పోయాం. ఫారాలు, సంతకాలు, హాస్టలు గది, అన్నీ మధ్యాహ్నానికి అయిపోయాయి. తిరిగి బస్సెక్కే ముందు అమ్మ రైలు చూస్తానంది. స్టేషను బయట కంచె దగ్గర నిలబడ్డాం. చుట్టూ తెలుగూ తమిళమూ కన్నడమూ కలగాపులగంగా వినిపిస్తున్నాయి. ఒక రైలు వచ్చి ఆగి, వెళ్ళిపోయింది. ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా అమ్మ కంచె పట్టుకుని చూస్తూనే ఉంది. తరవాత బస్సెక్కి ఒక్కతే పుంగనూరు పోయింది.

అక్టోబరు చివర నాయన ఫోను చేసి, "వదిలింది తల్లీ! మీ యమ్మకు కూడా బరువు దిగింది," అన్నాడు. సంబరంగా నవ్వాడు. కానీ నేను సెలవులకు ఇంటికి పోయిన ప్రతి శనివారం అమ్మ తెల్లారకముందే తలకు పోసుకుని పొట్లం తీసుకుపోవడం చూశాను. "ఇంకా యాలమే?" అని నాయన అడిగితే, "అలవాటైపోయింది," అనేది. ఒకసారి వంటింట్లో పట్టుకుని, "ఇదంతా ఉత్తదమ్మా, మానెయ్," అన్నాను. "నీకు ఉత్తది. నువ్వు సదువుకో," అంది. నేను చదివింది శని ఎట్లా తిరుగుతుందో లెక్కకట్టడం. ఆ లెక్క ఆమె దగ్గర దేనికీ పనికిరాలేదు.

రెండో ఏడాది ఒక మధ్యాహ్నం నాయన ఫోను చేశాడు. అమ్మ గానుగ దగ్గర నూనె మీద జారిపడి మణికట్టు విరిగిందట. ఏ చేయి, నొప్పి ఎట్లా ఉంది అని అడగకముందే నా వేళ్ళు మడిచి ఇంకెన్ని నెలలున్నాయో లెక్కపెట్టాయి. ఎమ్మెస్సీ ఫిజిక్సు! పుంగనూరు దాటి వచ్చాననుకున్నాను. యాడికీ రాలేదు నేను. ఆ రోజు నుంచి శనివారం వస్తే కుప్పంలో నాకు అన్నం సహించేది కాదు.

చదువు అయ్యాక కుప్పంలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఆ జనవరిలో ఒక శనివారం పొద్దున, ఎప్పుడూ తనంతట తాను ఫోను చేయని అమ్మ చేసింది.

"ఏమ్మా, ఒంట్లో బాగుండాదా?" అన్నాను గాభరాగా.

"బాగుండాది. ఈపొద్దు గుడికి పోలేదు. ఇప్పుడే లేస్తాండా."

గోడమీద క్యాలెండరు వైపు చూశాను. శని ధనుస్సు దాటింది నిన్ననే. వెనక గానుగ తిరిగే చప్పుడు వినిపించింది.

"పాపా," అంది. "ఆపొద్దు కుప్పంలో సూసినాం కదా రైలు. అది యాడికి పోతాది?"